ఒక అట్ట ఎక్కువ

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. మౌసు చేతికి వచ్చేదాకా నేను ఒప్పుకోలేదు.

హిందూపురం బస్టాండుకు కాస్త అవతల, చెప్పుల అంగడి పైన ఉండేది ఆ కంప్యూటర్ సెంటరు. మెట్లెక్కుతుంటే కొత్త రబ్బరు వాసన కొట్టేది. లోపల గోడ మీద రెక్కల గుర్రం ఒకటి ఆకాశంలోకి లేస్తూ ఉండేది. దాని కాళ్ళ కింద ‘మూడు నెలల్లో యానిమేషన్’ అని ఎర్ర అక్షరాలు. నాకు గుర్రాలు వద్దు, ఆకాశం వద్దు. ఒక్క హంస కావాలి. అది ఎగరనక్కర్లేదు, మాట్లాడనక్కర్లేదు, పాట పాడనక్కర్లేదు. తెర మీద నాలుగడుగులు వేస్తే చాలు. అదీ మా నాయన కళ్ళు పూర్తిగా పోయేలోపల వేయాలి. నలభై నాలుగేళ్ళ వయసులో నేను ఆ మెట్లెక్కింది అందుకే.

మా నాయన ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసి అట్టలు కొట్టేవాడు. మగ్గం చూడనివాళ్ళకు ఈ అట్టల సంగతి చెప్పాలి. మగ్గం మీద జాకార్డు పెట్టె ఉంటుంది. దానికి దండలాగా అట్టలు వేలాడుతుంటాయి. చీరలో బొమ్మ ఉన్నచోట ఒక్కో వరుసకు ఒక్కో అట్ట. అట్టకు చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. నాయన ముందు గళ్ళ కాగితం మీద బొమ్మ గీసుకునేవాడు, తర్వాత ఒక్కో గడినీ చూసుకుంటూ అట్టలకు చిల్లులు కొట్టేవాడు. వాటిని వరుస తప్పకుండా దారంతో కుట్టి, ఆఖరి అట్టను తెచ్చి మొదటి అట్టకు ముడేస్తే దండ తయారు. నేసేకొద్దీ దండ తిరుగుతుంది, అదే నెమలి మళ్ళీ మళ్ళీ అంచులోకి వస్తుంది.

కుట్టే పని నాది. ఏడో తరగతి నుంచి పెళ్ళయ్యేదాకా నేనే కుట్టాను. ఒకసారి ఒక అట్ట చాప కిందికి జారిపోయి, నేను చూసుకోకుండా మిగతావన్నీ కుట్టేశాను. ఆ చీర అంచులో నెమళ్ళన్నిటికీ మెడ దగ్గర నొక్కు పడింది. నాయన కొట్టలేదు. దండ మొత్తం నా ముందర పరిచి, మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు పైకి లెక్కపెట్టించాడు. "ఒక్క అట్ట లేకపోతే ఆ పోగు ఎవురు లేపల్ల? మీ తాత వచ్చి లేపుతాడా?" అన్నాడు. ఆ మాట నా ఎముకల్లోకి పోయింది. అది ఎంత లోపలికి పోయిందో ముప్పై ఏళ్ళ తర్వాత హిందూపురంలో తెలిసింది.

నాయనకు ఒక కోరిక ఉండేది. అంచులో హంసలన్నీ ఒక్క తీరుగా, ముద్ర గుద్దినట్టు ఉంటాయని ఆయనకు చిరాకు. ఎనిమిది హంసలు గీశాడు. ఒక్కోదానికి కాలు కొంచెం కొంచెం తేడా. ఒకటి కాలెత్తుతుంది, ఇంకొకటి చాపుతుంది, ఇంకొకటి దించుతుంది. చీర కట్టుకున్న మనిషి నడుస్తుంటే అంచులో హంసలు కూడా నడిచినట్టు ఉండాలని ఆయన ఆలోచన. పట్టుకుపోయి సావుకారికి చూపించాడు. ఆయన కాగితం తిప్పి తిప్పి చూసి, "ఎనిమిది హంసలకు ఎనిమిదింతలు అట్టలు కావల్ల. కాళ్ళకాడ ఉండేదాన్ని ఎవురు సూస్తారప్పా?" అన్నాడట. నాయన ఆ కాగితాలు చుట్టి రేకుపెట్టెలో పెట్టేశాడు. మళ్ళీ ఆ మాట ఎత్తగా నేను వినలేదు, రైల్లో ఆ రోజు దాకా.

ఆ రోజు బెంగుళూరులో కంటి డాక్టరుకు చూపించుకుని వస్తున్నాం. షుగరు కంటి వెనకకు పోయింది. నాయనకు ఎదురుగా ఏది చూసినా నడిమధ్యలో నల్లగా మచ్చ, చుట్టూ అంచుల్లో మాత్రం కొంచెం కనపడుతుంది. ఇంకా తగ్గుతుందని, ఎంత తొందరగా తగ్గుతుందో చెప్పలేమని డాక్టరు అన్నాడు. రైలు హిందూపురం దాటింది. ఎదురు సీటులో ఒకామె బిడ్డకు ఫోనులో బాతుల బొమ్మలు పెట్టి అన్నం తినిపిస్తోంది. ఆ బాతులు బారులు తీరి నడుస్తున్నాయి. నాయన ముఖం పక్కకు తిప్పుకుని, కంటి కొసల నుంచి వాటినే చూశాడు.

"నా హంస అట్ల నడిచేది చూడల్లని ఉండె. అయిపాయలే," అన్నాడు.

నోరు జారాను. "నేను నడిపిస్తా సూడు నాయనా," అన్నాను.

"నువ్వా? ఫోనొస్తే ఏ పక్క చెవికి పెట్టుకోవల్లనో తెలీదు నీకు."

అంతే, నాకు రోషం వచ్చింది. పెనుకొండలో దిగాల్సినదాన్ని ఆయనను దింపడానికి ధర్మవరం దాకా పోయి, రేకుపెట్టె తెరిచి, ఆ కాగితాల చుట్ట సంచిలో వేసుకుని వచ్చాను.

నేను ఉండేది పెనుకొండలో. ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగు టీచర్ని. మధ్యాహ్నం దాకా మామిడికాయ, కుండ, కొండల మధ్య సూర్యుడు. ఇరవై ఏళ్ళుగా బొమ్మలు గీయిస్తున్నాను కదా, కంప్యూటర్‌లో గీయడానికి ఏం కష్టం అనుకున్నాను. మా ఆయన బస్సు కండక్టరు. "ఈ వయసులో కార్టూన్లా మ్మే?" అని నవ్వి, "సరే పో, బస్సులు మనవే," అన్నాడు. సోమ, బుధ, శుక్రవారాలు బడి అవ్వగానే క్యారియరు విప్పి నాలుగు ముద్దలు తిని హిందూపురం బస్సెక్కేదాన్ని.

అక్కడ నేర్పేది రొళ్ల నుంచి వచ్చే ఒక అమ్మాయి. ఇరవై ఆరో ఇరవై ఏడో ఉంటాయి. ఆ పిల్లను ‘మేడమ్’ అనాలి. మొదటి వారం నాకు ఆ మాట గొంతులోనే ఆగిపోయేది. ఆమె తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ ఎప్పుడు కన్నడంలోకి పోతుందో ఆమెకే తెలియదు. దానితో నాకు ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఒక్క మాటతోనే.

"సింపుల్ అక్కా."

ఏది అడిగినా సింపులే. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది. మొదటి రోజు గీత గీయమంది. పెన్సిలుతో కళ్ళు మూసుకుని గుండ్రం గీస్తాను నేను. మౌసుతో గీస్తే అది కాలిన అప్పడంలా వచ్చింది. చెరిపి మళ్ళీ గీశాను, ఇంకా అధ్వాన్నం. పక్కన డిగ్రీ చదివే పిల్లలు డైనోసార్లను పరుగెత్తిస్తున్నారు. నేను గంటన్నర కూర్చుని ఒక కోడిగుడ్డు గీశాను. రెండో రోజు ఏదో నొక్కాను, గుడ్డు మాయమైపోయింది.

"మేడమ్, యాడికి పోయింది?"

"యాడికీ పోలేదు అక్కా, ఈడే ఉండాది. మీరే దూరం పోయినారు."

ఆమె మౌసు మీది చక్రం తిప్పితే గుడ్డు తెరనిండా వచ్చింది. నేను కుర్చీలోంచి కదల్లేదు, దూరం ఎట్లా పోయానో ఇప్పటికీ నాకు తెలియదు. రూళ్ళ నోటుపుస్తకం ఒకటి పెట్టుకుని ప్రతిదీ తెలుగులో రాసుకున్నాను. ‘ఎడమ పక్క పైన మూడో బొమ్మ నొక్కాలి. నల్ల బాణం కాదు, తెల్ల బాణం. గుడ్డు కనపడకపోతే చక్రం.’ నాలుగు వారాలకు ఆ పుస్తకం సగం అయ్యింది. నాకు మాత్రం ఒక్క ముక్క ఎక్కలేదు. పుస్తకం చూస్తే వచ్చేది, మూస్తే పోయేది. ఒకరోజు మొత్తం పని చేసి సేవ్ చేయడం మరిచిపోయాను. ఇంకొకరోజు సేవ్ చేశాను కానీ ఎక్కడ చేశానో దొరకలేదు. బస్సులో కిటికీకి తల ఆనించుకుని, ‘ఎవరు అడిగారు నిన్ను? ఎందుకా పెద్ద మాట?’ అని నన్ను నేనే తిట్టుకుంటూ వచ్చేదాన్ని.

హంస దగ్గరికి వచ్చాక ఇంకో గొడవ. నాయన కాగితాన్ని ఫోటో తీసి కంప్యూటర్‌లో పెట్టాం. మేడమ్ దాన్ని ముక్కలు చేయమంది. తల వేరే, మెడ వేరే, ఒళ్ళు వేరే, కాళ్ళు వేరే. కదిలించడానికి ఒక్కోదానికి లోపల ఎముకలాంటి గీత వేయాలట.

"మా నాయన గీసినదాన్ని ముక్కలు కోయల్నా?"

"కోస్తేనే గదక్కా కదిలేది. సింపుల్."

పళ్ళు కొరుక్కుని కోశాను. ఎముకలు వేశాను. కాలెత్తితే మెడ ఊగింది. మెడ పట్టుకుంటే తోక లేచింది. ఏ ఎముక దేనికి అంటుకుందో వెతుక్కునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఇంకో రెండు వారాలు అందులోనే పోయాయి.

అప్పుడు ఒకరోజు మేడమ్ తెర కింది భాగం చూపించి, "సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు అక్కా. ఒక్కో ఫ్రేములో బొమ్మ కొంచెం కొంచెం మారితే నడిచినట్టు కనపడుతాది," అంది. చిన్న చిన్న గళ్ళు, ఒకదాని పక్కన ఒకటి, ఆ చివరిదాకా. చూసీ చూడగానే నా గుండె లేచింది. ఇవి అట్టలు కదా! ఇన్నాళ్ళకు నాకు తెలిసిన వస్తువు ఒకటి కనపడింది. అప్పటిదాకా ఆ కంప్యూటర్ ముందు నేను సంతోషపడింది లేదు. ఆ ఒక్కరోజు మాత్రం ఇంటికి పోయి మా ఆయనకు రెండో సాంబారు గరిటె కూడా నవ్వుతూ వేశాను.

ఆ వారమే మేడమ్ వాళ్ళ ఊళ్ళో తమ్ముడి పెళ్ళి ఉందని మూడు వారాలు సెలవు పెట్టి పోయింది. మిగతాది వచ్చాక చెప్తానంది. నేను ఆగలేదు. ఆగడమెందుకు, అట్టలు నాకు ఒకరు నేర్పాలా? రెండు సెకన్ల నడకకు నలభై ఎనిమిది ఫ్రేములు. ఒక్కో ఫ్రేము తెరిచి కాలు జరపడం, ఇంకో కాలు జరపడం, తోక సర్దడం, ముద్ర వేయడం. ముద్ర వేస్తే ఆ గడిలో చిన్న వజ్రంలాంటి గుర్తు పడుతుంది. ఒక్క గడి కూడా వదల్లేదు. వదిలితే ఆ పోగు ఎవరు లేపాలి? వేళ్ళు తిమ్మిరెక్కాయి, మెడ పట్టేసింది. మూడు వారాలు పట్టింది. గళ్ళన్నిటిలో వజ్రాలు వరుసగా మెరుస్తుంటే చూసుకుని, ఆటించే మీట నొక్కాను. హంస నడవలేదు. చలిజ్వరం వచ్చినదానిలా నిలువెల్లా వణికింది.

మేడమ్ పెళ్ళినుంచి వచ్చి చూసింది. నవ్వాపుకోవడానికి ప్రయత్నించింది, ఆగలేదు.

"ఇన్ని ఎవరు పెట్టమన్నారక్కా? ముందరిది, నడిమిది, ఆఖరుది పెడితే చాలు. మధ్యలోవి అదే వేసుకుంటాది."

"అదే అంటే ఎవురు?"

"కంప్యూటరు."

"మా హంస కాలు యాడ పెట్టల్లనో దానికెట్ల తెలుస్తాది?"

"సింపుల్ అక్కా, సూడండి," అని మౌసు తీసుకుంది. వజ్రాలన్నిటి మీద ఒక గీత లాగి, ఒక మీట నొక్కింది. మొదటిది, నడిమిది, చివరిది తప్ప మిగతావన్నీ పోయాయి. మూడు వారాలు! ఆటిస్తే హంస వణకలేదు, నిజమే. నూనె పోసిన బండ మీద జారినట్టు జారింది. అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

"అడగకుండా ఎట్ల తీసేస్తావు నువ్వు? ఒక్కోటి ఎంతసేపు పెట్టినానో తెలుసా?" మేడమ్ అనే మాట ఎక్కడో ఎగిరిపోయింది. డైనోసార్లు ఆగిపోయాయి, పిల్లలందరూ నా వైపే చూస్తున్నారు. నోటుపుస్తకం సంచిలో కుక్కుకుని మెట్లు దిగేశాను. బస్టాండులో టీ తాగి, ఆ టీ బాగాలేదని టీ అంగడాయనతో కూడా ఒక రౌండు వేసుకున్నాను. పాపం, టీ బాగానే ఉంది.

పది రోజులు హిందూపురం ముఖం చూడలేదు.

ఆదివారం ధర్మవరం పోయాను. నాయనకు కాఫీ ఇచ్చాను. గ్లాసును నేరుగా పట్టుకోవాల్సింది పోయి, పక్కన గాలిని తడిమాడు. నేను చేతిలో పెట్టాను. ఎంత ఉందో తెలియడానికి వేలు లోపల ముంచాడు. కాలింది. ‘స్స్’ అని వేలు నోట్లో పెట్టుకుని, నేను చూడలేదనుకున్నాడు. నెల కిందట ఇట్లా లేడు. గోడ మీద గడియారం ఎంతైందో పక్క చూపుతో చెప్పేవాడు.

"ఏమాయె మ్మే నీ హంస? పండుకున్నదా?" అన్నాడు.

"నడుస్తాండాది నాయనా. కొంచెం ఉండాది."

నాయనతో అంత పచ్చి అబద్ధం ఎప్పుడూ ఆడలేదు. నా కోపాన్ని ఇంట్లో కూర్చోబెట్టి పోషించుకుంటున్నాను, ఇక్కడ ఆయన చూపు రోజూ కొంచెం కొంచెం పోతోంది. వంటింట్లోకి పోయి గ్లాసు కడుగుతూ ఏడ్చాను. సిగ్గుతో వచ్చిన ఏడుపు అది.

సోమవారం మెట్లెక్కాను. మేడమ్ నన్ను చూసి లేచి నిలబడింది. నేనేదో అనబోతే ఆమే అంది, "తొందరపడినానక్కా. మిమ్మల్ని అడిగి తీయల్ల. ఆ పొద్దు మీ నాయన కాగితాలు నేను సరిగ్గా చూళ్ళేదు. మీరు ఈడే మరిచిపోతే ఇప్పుడు చూసినా. ఆయన ఎనిమిది బొమ్మలు వేసిపెట్టినాడు గదా. ఎముకలు వద్దు, ఏమొద్దు. ఆ ఎనిమిదీ ఒకదాని ఎనక ఒకటి పెడదాం."

మొదటిసారి ఆమె సింపుల్ అనలేదు. అనుంటే ఏం చేసేదాన్నో చెప్పలేను. అప్పుడే నాయన కళ్ళ సంగతి ఆమెకు చెప్పాను. ఇంకేమీ అడగకుండా కుర్చీ నా పక్కకు లాక్కుని కూర్చుంది.

ఎనిమిది హంసలనూ మౌసుతో కొత్తగా గీశాను. ఇప్పుడు చెయ్యి కొంచెం మాట వింటోంది. కొంచెమే. ముక్కున తామరతూడు, తల మీద కలికితురాయి, రెక్క మీద జరీ చుక్కలు, అన్నీ నాయన గీసినట్టే. రంగులకే రెండు వారాలు పట్టింది. అంచుకు కుంకుమరంగు, హంసకు బంగారు రంగు. ఆటించి చూశాను. కాళ్ళు నడుస్తున్నాయి! కానీ పైన మెడ మాత్రం కర్రలాగా నిలబడి ఉంది. నాయన ఎనిమిదింటిలోనూ కాళ్ళే మార్చాడు, తలా మెడా ఒక్క తీరుగానే ఉన్నాయి. కాళ్ళు ఒకరివి, ఒళ్ళు ఇంకొకరిదీ అన్నట్టుంది.

మెడ ఎట్లా కదలాలి? హంస నడక, హంస నడక అని అందరూ అంటారు. ఎవరు చూశారు హంసను? నేను చూడలేదు. పెనుకొండలో ఎక్కడుంది హంస? మా వెనకింటివాళ్ళకు నాలుగు కోళ్ళున్నాయి. పొద్దున్నే ప్రహరీ మీద మోచేతులు పెట్టుకుని వాటిని చూస్తూ నిలబడేదాన్ని. కాలు ముందుకు పడేముందు తల ఒక్కసారి ముందుకు పోయి ఆగుతుంది, తర్వాత ఒళ్ళు వచ్చి దాన్ని అందుకుంటుంది. ఆ ఇంటామె, "ఏమక్కా, కొనేదానికి సూస్తాండారా?" అని అడిగింది. అవునన్నాను. యానిమేషన్ అని చెబితే ఊళ్ళో ఇంకో కథ పుడుతుంది. ఎనిమిది బొమ్మలకూ కోడి మెడ పెట్టాను. హంసకు కోడి నడక నేర్పుతున్నానని ఎవరికీ చెప్పలేదు, మేడమ్‌కు కూడా.

అంతా అయ్యాక ఒక్కటే మిగిలింది. నడుస్తూ నడుస్తూ ఒక చోట హంస తడబడేది. ఆగిందా అంటే ఆగలేదు, నడిచిందా అంటే నడవలేదు. ప్రతి చుట్టుకూ ఒకసారి. ఏ బొమ్మలో తప్పుందో అని ఎనిమిదింటినీ విడివిడిగా చూశాను, పుస్తకంలో రాసుకున్నది చూశాను. ‘చివర్లో మొదటి బొమ్మ మళ్ళీ పెట్టాలి, అప్పుడే చుట్టు కలుస్తుంది’ అని ఎముకల పాఠంలో రాసుకున్నాను, అదీ చేశాను. మేడమ్ రెండుసార్లు చూసి, "బాగానే ఉండాదిలే అక్కా. పెద్దాయనకు సుమ్నే, ఊరికే అట్లే చూపించండి, లేటు చేయొద్దు," అని తన పాత ల్యాప్‌టాప్ ఇచ్చింది. ఆదివారం దాన్ని చీరలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని ధర్మవరం పోయాను.

నాయన మంచం మీద కూర్చున్నాడు. ల్యాప్‌టాప్ కుర్చీలో పెట్టి, ఆయన మొహం కొంచెం పక్కకు తిప్పి, మీట నొక్కాను. తలుపు చాటున నిలబడి ఫలితాలు వినే పిల్లలా ఉంది నా పని. ఆయన కంటి కొసతో చూస్తున్నాడు. ఒక చుట్టు, రెండు, మూడు. మోకాలి మీద ఆయన వేలు కొట్టుకోవడం మొదలైంది. మగ్గం పక్కన కూర్చున్నప్పుడు అట్లానే కొట్టేవాడు.

"ఒక అట్ట ఎక్కువుండాది," అన్నాడు.

"ఏంది నాయనా?"

"దండలో ఒక అట్ట ఎక్కువుండాది. ముడేసేకాడ. మొదటిదాన్నే రెండు తూర్లు కుట్టినావు."

తెర ముందుకు వంగి గళ్ళు లెక్కపెట్టాను. ఎనిమిది బొమ్మల చివర తొమ్మిదోది ఉంది, మొదటిదానికే నకలు. పుస్తకం చూసి నేనే పెట్టాను. చుట్టు తిరిగి వచ్చేసరికి అదే బొమ్మ రెండుసార్లు పడుతోంది. ఎనిమిదేళ్ళపాటు అట్టలు కుట్టినదాన్ని, ఆఖరిదాన్ని మొదటిదానికి ముడేయాలే కానీ మొదటిదాన్ని మళ్ళీ కుట్టకూడదని నాకు తెలియదా! నోటుపుస్తకం తెరవకుండానే తొమ్మిదోదాన్ని తీసేసి మీట నొక్కాను. హంస ఎక్కడా ఆగకుండా నడిచింది.

"ఆ, ఇప్పుడు సరిపాయె," అన్నాడు నాయన. వేలు ఆగకుండా కొట్టుకుంటోంది. చాలాసేపు చూశాడు. మెచ్చుకుంటాడని నేను చూస్తున్నాను. కలికి గురించి అంటాడా, జరీ చుక్కల గురించి అంటాడా, కుంకుమరంగు సరిగ్గా కుదిరిందంటాడా అని.

"బాగా నడుస్తాండాది. కోడి గదా మ్మే ఇది?"

కలికి లేదు, తామరతూడు లేదు, బంగారు రంగు లేదు. ఆయనకు ఏదీ కనపడటం లేదు. కదలిక ఒక్కటే కనపడుతోంది. ఆలస్యం చేశాను. ఆ పది రోజులు, ఆ మూడు వారాలు, ఆ గుడ్డు గీసిన గంటన్నర, అన్నీ ఒక్కసారి మీద పడ్డాయి.

"హంస నాయనా," అన్నాను. "నీ హంసే. నువ్వు గీసిందే."

ఆయన నవ్వాడు. "మరి కోడి మెడ యాడ దొరికె నీకు?"

"హంస దొరకలేదు. ఎనకింటి కోళ్ళను చూసి పెట్టినా."

"నేనూ కోళ్ళను చూసే గీసింది. హంసను ఎవురు చూసినారు? మెడ కూడా ఆడించల్లని ఉండె నాకు. అట్టలు ఇంకా ఎక్కువైతాయని మానుకున్నా."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. కోపమే ముందు బయటపడింది. "ఆ ముక్క ముందే చెప్పేదానికేమి నాయనా నీకు? ప్రహరీకాడ నిలబడి కోళ్ళను చూస్తాంటే ఊరంతా నవ్విరి!"

"నువ్వడిగినావా?" అన్నాడు.

పక్కన కూలబడ్డాను. నాయన నా వైపు తిరిగి ఏదో అనబోయి, మళ్ళీ ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు. ఈసారి మొహం పక్కకు తిప్పుకోవడం మరిచిపోయి నేరుగా చూశాడు. కళ్ళు చికిలించాడు.

"ఆగిపాయెనే. మళ్ళా ఎయ్యి మ్మే."

అది ఆగలేదు. ఆగే పని లేదు దానికి, ఆఖరి బొమ్మ మొదటిదానికి ముడిపడి ఉంది, మనం ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. ఆయన ఎదురుగా చూస్తున్నాడు కాబట్టి హంస మచ్చలో పడిపోయింది. నేను ఆ మాట చెప్పలేదు. ఆయన గడ్డం పట్టుకుని మొహం కొంచెం పక్కకు తిప్పి, ఆయనకు వినపడేటట్టు మీట మీద ఉత్తినే ఒక దెబ్బ కొట్టాను.

"ఇదో, ఏసినా నాయనా."

"ఆ, వచ్చె," అన్నాడు. ఆ పొద్దు భోజనాల వేళదాకా ఇంకో పదిసార్లు వేయమన్నాడు, వేశాను.